మందు సీసా వయసు మూతి చెబుతుంది

హన్మకొండ, మట్టెవాడ వైపు పాత ఇళ్లు విప్పితే అటకల మీద జబ్బులకు వాడిన మందుల సీసాలు బయటపడుతుంటాయి. రంగు చూసి "నూరేళ్లది" అనేయకండి. సీసాను వెలుతురుకు పట్టి, పక్కనున్న అచ్చు అతుకు గీత మీద గోరుతో కింది నుంచి పైకి తడమండి.

గీత మెడ దగ్గరే ఆగి, మూతి చుట్టూ సన్నటి చారలుంటే ఆ మూతిని పనిముట్టు తిప్పి చేత్తో తీర్చారు. అమెరికా సీసా అయితే చాలావరకు 1915కు ముందరిది. మన దేశంలో చేతిపని ఆ తర్వాతా నడిచింది, కాబట్టి దేశీ సీసాకు ఆ లెక్క పనికిరాదు. గీత మూతి అంచుదాకా ఎక్కితే యంత్రం పని. మూతిని మంటలో నునుపు చేస్తే గీత కరిగిపోతుంది, అందుకే అడుగు కూడా చూడాలి. పగిలిన గాజులా గరుకు మచ్చ ఉంటే గొట్టంతో నోటితో ఊది సీసాలు చేసిన కాలం. మధ్యకు రాని, అంచు చెదిరిన వలయం ఉంటే ఓవెన్స్ అనే సీసాల తయారీ యంత్రానిది, అంటే 1903 తర్వాతది.

లేత ఊదారంగు, గాజులో కలిపిన మాంగనీస్ ఎండకు తిరిగిన రంగు. వంకాయంత ముదురైతే కృత్రిమంగా రేడియేషన్ పెట్టారేమోనని అనుమానించాలి.

కంపౌండర్లు మోతాదుకొక గాటు కోసి అంటించిన కాగితం పట్టీ మిగిలి ఉంటే ఆ సీసాను నీళ్లలో ముంచవద్దు. అన్నిటికంటే విలువైనది అదే. పట్టీ లేనిదాన్ని గోరువెచ్చటి సబ్బునీళ్లు, గుప్పెడు బియ్యం పోసి ఊపి కడగండి. ఇసుక గీతలు పెడుతుంది, మరిగే నీళ్లు పగలగొడతాయి. కడిగినా పోని తెల్లమసక మురికి కాదు, గాజే దెబ్బతింది.