చేవంతా నలుపే: కిల్వా దారిలో ఎంపింగో

టాంజానియా నగరం దార్ ఎస్ సలామ్‌లోని మ్వెంగే చెక్కడాల బజారుకి వెళ్తే జేబులో తాళంచెవి ఉంచుకోండి. ప్రతి కొట్టువాడూ నల్ల బొమ్మ చేతిలో పెట్టి "ఎబొనీ" అంటాడు. కొన్ని మాత్రం తేలిక కర్రకి బూటుపాలిష్ పట్టించినవి. పీఠం అడుగున తాళంచెవితో గీకితే తెల్లగా బయటపడుతుంది. అసలు ఎంపింగో, అంటే ఇక్కడి నల్లచేవ చెట్టు కర్ర అయితే గీత కింద కూడా నలుపే. నీళ్ళలో వేస్తే రాయిలా మునుగుతుంది.

అసలుది కూడా ఎబొనీ కాదు. ఎబొనీ మన బీడీ ఆకు తునికి వర్గం. ఎంపింగో జిట్రేగికి చుట్టం, శాస్త్రనామం డాల్బెర్జియా మెలనాక్సిలాన్. తునికి శాస్త్రనామం డయాస్పైరాస్ మెలనాక్సిలాన్. రెండింటి ఇంటిపేర్లు వేరు, వెనక మాట ఒకటే: నల్ల కర్ర.

బజారు వెనక మకోండే తెగ చెక్కుడువాళ్ళు నేలమీదే కూర్చుని పనిచేస్తారు. దుంగను రెండు పాదాల మధ్య ఇరికించి బాడిశతో కొడతారు. ముందు గంధం రంగు తెల్లచెక్క లేస్తుంది, ఆ కింద ఊదారంగు కలిసిన చేవ. నాలుగు దెబ్బలకోసారి బాడిశకి పదును పెట్టాల్సిందే. ఒకతను తెల్లచెక్కను బొమ్మకి అంచులా వదిలేశాడు. అది లోపం కాదు, చూడగానే నకిలీ కాదని తెలిసే గుర్తు. ముప్ఫై వేల షిల్లింగులు చెప్పి పద్దెనిమిదికి దిగాడు. పచ్చి కర్ర బొమ్మను ఏసీ గదిలో పెడితే గుండెలోంచి పగులుతుంది. కొనేముందు పీఠం మధ్యలో వెంట్రుకంత చీలిక ఉందేమో చూడాలి.

చెట్టును చూడాలంటే దక్షిణ తీరంలోని కిల్వా వైపు వెళ్ళాలి. దార్ ఎస్ సలామ్ దక్షిణపు కొసన ఉన్న ఎంబగాలా నుంచి దక్షిణం బస్సు ఎక్కితే సంచికి విడిగా డబ్బు గుంజుతారు, కాళ్ళ దగ్గర కోడి కూడా ఉంటుంది. రుఫీజీ వంతెన, నంగురుకురు దాటాక అడవి చూస్తే నీరసం వచ్చింది. ఆకాశాన్నంటే మాను ఎక్కడా లేదు. మన రాయలసీమ చిట్టడవిలా ముళ్ళ కొమ్మలు, వంకర మొదళ్ళు, కాండం నిండా లోతైన గాడులు. ప్రపంచంలోని మంచి క్లారినెట్లకూ, ఓబో అనే ఊదే వాయిద్యాలకూ చాలావరకు కర్ర ఇలాంటి పొదల్లోదే. మన పెళ్ళి బ్యాండువాళ్ళ క్లారినెట్ కూడా ఖరీదైనదైతే ఇదే కావచ్చు.

కోతకి ఛాతీ ఎత్తున 24 సెంటీమీటర్ల లావు (అడ్డకొలత) ఉండాలని టాంజానియా నియమం. ఆ లావుకి రావడానికే డెబ్భై నుంచి వందేళ్ళు. తీరా కోశాక వాయిద్యానికి పనికొచ్చేది పదో వంతు కూడా మిగలదు. గాడుల్లో బెరడు ఇరుక్కుని ఉంటుంది, తెల్లచెక్క పోతుంది, లోపల బోలు ఎక్కడుందో రంపం దిగేదాకా తెలియదు. మిగిలిన పలకల కొసలకి మైనం పూసి నీడలో నెలల తరబడి ఆరబెట్టాలి. మైనం లేకపోతే కొసలు ముందు ఎండి, లోపలిదాకా నెర్రెలు పాకుతాయి.

ఆ బోలుకి ప్రధాన కారణం మంట. ఎదిగిన చెట్టు మంటను తట్టుకుంటుంది కానీ కాలిన గాయంలోంచి గుండెకి చెదలూ బూజూ చేరతాయి. ఎండలు ముదిరాక చెలరేగే మంటకి మొలకలు మిగలవు. అందుకే గడ్డి ఇంకా పచ్చిగా ఉండగానే చిన్న మంట పెట్టి తగలేస్తారు. ఇక్కడి కొన్ని ఊళ్ళు తమ అడవిని తామే కాపాడుకుంటూ, ఎంచిన చెట్లే కోయించి డబ్బు ఊరికే పెట్టుకుంటున్నాయి. 2009లో వీటిలో కొన్నిటికి, అడవిని సరిగా చూసుకుంటున్నారని చెప్పే ఎఫ్‌ఎస్‌సీ ధ్రువీకరణ వచ్చింది. అడవి సొంతమైతే మంట ఆర్పడానికి ఊరే పరుగెడుతుంది, అందులో వింతేముంది?

2017లో సైటిస్ (అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారంపై దేశాల ఒప్పందం) రెండో అనుబంధంలో, అంటే దేశం దాటించాలంటే అనుమతి కాగితాలు కావలసిన జాబితాలో, దాదాపు డాల్బెర్జియాలన్నీ చేరాక బొమ్మలు కొన్నవాళ్ళకి విమానాశ్రయమంటే గుబులు పట్టుకుంది. 2019 సవరణతో పూర్తయిన వాయిద్యాలకు మినహాయింపు దక్కింది. తయారైన బొమ్మలకి మినహాయింపు దక్కాలంటే సరుకు మొత్తంలో ఆ కర్ర 10 కిలోలు దాటకూడదు. దుంగ ముక్క, పలక మాత్రం ఎంత చిన్నదైనా కాగితాలు లేకుండా తేకండి. కొట్టువాడి రసీదు మీద 'ఎబొనీ' కొట్టేయించి 'ఎంపింగో' అని రాయించుకోండి.