రేడియేటర్ నేనే మార్చా, ఆఖర్లో మెకానిక్‌నే పిలిచా

మొన్న సింహాచలం కొండెక్కుతుంటే మా 2008 వేగనార్ టెంపరేచర్ ముల్లు సగం దాటి పైపైకి పోతోంది, ఏసీ ఆపేసి అద్దాలు దించేసి అప్పన్నా నువ్వే దిక్కు అనుకుంటూ ఎలాగో పైకి చేర్చా. దర్శనం చేసుకుని వచ్చేసరికి బండి కింద పచ్చగా మడుగు. కూలెంట్, అదే ఇంజన్ని చల్లబరిచే ద్రవం.

లీక్ ఎక్కడో తెలిసిందే. ఆ కూలెంట్‌ని చల్లార్చే రేడియేటర్‌లో మధ్యది అల్యూమినియం, అంచుల్లో ట్యాంకులు ప్లాస్టిక్, రెంటి మధ్య ఒక రబ్బరు. ఏళ్ల తరబడి కాగి చల్లారి, కాగి చల్లారి, ఆ ప్లాస్టిక్ పెళుసెక్కిపోతుంది. మన వైజాగ్ ఉప్పుగాలికి ఫిన్‌లు, అంటే మధ్యలో ఉండే పల్చటి రేకులు కూడా చేత్తో తాకితే పొడి రాలుతున్నాయి. పోయినేడు ఇదే లీక్‌కి ఒక మెకానిక్ రేడియేటర్‌లో గుప్పెడు పసుపు పోసి "ఇంక చూసుకోనక్కర్లేదు సార్" అన్నాడు, నిజంగానే ఆగింది కూడా, ఏడాది.

ఈసారి ఆటోనగర్‌లో అడిగితే అన్నీ కలిపి 6500 అన్నారు. నాకెందుకో పౌరుషం వచ్చింది. రేడియేటర్ 3300, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ 800, కొత్త క్లిప్పులు 120, తెచ్చేసుకుని మర్రిపాలెంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఆదివారం పొద్దున్నే కూర్చున్నా.

ఇంజను పూర్తిగా చల్లారాకే మూత తియ్యాలి, ఇందులో మాత్రం మొహమాటం లేదు. లోపల ప్రెషర్ ఉంటుంది కాబట్టి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా కూర్చుంటాయి, మూత తిప్పారో ఒక్కసారిగా మొహం మీదకే. కింద డ్రెయిన్ తిప్పి పాత కూలెంట్ బేసిన్‌లోకి పట్టా, నేల మీద పడింది కూడా తుడిచేశా, ఎందుకంటే అది తియ్యగా ఉంటుందట, కుక్కలు నాకితే ప్రాణం మీదకొస్తుంది, మా సెల్లార్లో నాలుగు పడుకుంటాయి.

విప్పడం అంతా పది నంబర్ స్పానర్ పనే. ఫ్యాన్ బోల్టులు, పైన రెండు బ్రాకెట్లు, అంతే. ఏడిపించింది కింది హోస్, అదే కూలెంట్ తిరిగే రబ్బరు గొట్టం. రబ్బరు పైపుకి అతుక్కుపోయి గంటన్నర, పీకి పీకి వేళ్లు చెక్కుకుపోయాయి, ఈలోగా ఫ్యాన్ కనెక్టర్ లాక్ పుటుక్కున విరిగింది, వైరుతో కట్టేశా. మధ్యాహ్నం రెండింటికి కొత్తది బిగించి, నింపి, స్టార్ట్ చేశా. ఇరవై నిమిషాలకి ముల్లు మళ్లీ పైకి!

సిగ్గు చంపుకుని మా వీధి చివర మెకానిక్‌ని పిలిచా. వచ్చి పై హోస్ పట్టుకుని చూసి, "ఏటి సార్, గాలి తియ్యకుండా మూత బిగించేసారేటి?" అన్నాడు. చల్లారేదాకా ఆగి, మూత తీసి స్టార్ట్ చేయించి, హీటర్ గొట్టాల్లో గాలి కూడా పోవాలని హీటర్ ఫుల్లు పెట్టమన్నాడు, మే నెలలో వైజాగ్‌లో హీటర్! నేను లోపల ఆవిరి కుడుములా ఉడుకుతుంటే ఆయన హోస్ నొక్కుతున్నాడు, బుడబుడ బుడగలొచ్చి లెవెల్ దిగిపోయింది, మళ్లీ పోశాడు. పావుగంట పని, 300 తీసుకున్నాడు.

లెక్కేస్తే నాకు మిగిలింది 1980, పోయింది ఒక ఆదివారం. నా మాటేంటంటే బోల్టులు ఎవడైనా విప్పుతాడు, మెకానిక్‌కి మనం ఇచ్చేది ఆ పావుగంట పనితనానికి. మాన్యువల్ గేర్ల పాత బండై, మర్నాడు ఆఫీసుకి వెళ్లడానికి ఇంట్లో స్కూటరు ఉంటే చేసుకోండి, సరదాగా ఉంటుంది. ఆటోమేటిక్ అయితే వద్దు బాబూ, చాలావాటికి గేర్‌బాక్స్ ఆయిల్ పైపులు కూడా రేడియేటర్‌లోంచే వెళ్తాయి.

పాతది ఇనప సామాన్లవాడికి ఇద్దామంటే ప్లాస్టిక్ తీసేస్తేనే అల్యూమినియం రేటు అన్నాడు. నిన్న స్క్రూడ్రైవర్‌తో ట్యాంకు ఊడదీశా. సగం గొట్టాల మూతుల్లో పసుపు, గట్టిపడి ఇటుక ముక్కలా.