గొంతు నొప్పి అనగానే అజిత్రోమైసిన్ ఎందుకండీ?

మా గుంటూరులో మిర్చి సీజన్ వచ్చిందంటే యార్డు రోడ్డు మీద బండేసుకుని పోతుంటేనే ఘాటు గొంతుకి పట్టేసిద్ది, ఇక లోపల టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే ముఠా కూలీల సంగతి చెప్పక్కర్లేదు. ఆ మంట ఇన్ఫెక్షన్ కాదు, మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్ దుమ్ముతో కలిసి లోపలికి పోయి చేసే పని. అయినా మెడికల్ షాపుకెళ్ళి మూడు అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ బిళ్ళలు అడిగి తెచ్చుకునేవాళ్ళని చూస్తే బాధేసిద్ది.

గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌లవే. ముక్కు కారుతా, దగ్గు వస్తా, గొంతు బొంగురుపోయిందంటే దాదాపు అదే, వారంలో దానంతటదే తగ్గిద్ది. ఉప్పునీళ్ళు పుక్కిలించండి, కావాలంటే పారాసిటమాల్. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయలేదు.

పిల్లల్లో వచ్చే స్ట్రెప్, అంటే స్ట్రెప్టోకోకస్ అనే బాక్టీరియా వల్ల వచ్చే గొంతు నొప్పి మాత్రం వేరే కథ. 5 నుంచి 15 ఏళ్ళ లోపు పిల్లల్లో ఎక్కువ. జలుబూ దగ్గూ ఉండవు, ఉన్నట్టుండి జ్వరం, గుటక వేస్తే ఏడుపు, టాన్సిల్స్ మీద తెల్లగా చీము, దవడ కింద బిళ్ళలు కట్టడం. దీన్ని వదిలేస్తే కొందరికి రెండు మూడు వారాల తర్వాత రుమాటిక్ ఫీవర్ వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి, మన దేశంలో ఇది ఇంకా పోలేదు. అందుకే డాక్టర్ గారు పెన్సిలినో అమాక్సిసిలినో 10 రోజులకి రాస్తే పది రోజులూ వేయాల్సిందే, జ్వరం తగ్గింది కదా అని మధ్యలో ఆపొద్దు.

మా బాబాయికి నెలల తరబడి పొద్దున్నే గొంతులో మంట, గరగర, ఏదో అడ్డం పడ్డట్టు. చివరికి ఈఎన్‌టీ డాక్టర్ చూసి, కడుపులో యాసిడ్ పైకి తన్నుకొస్తోంది, తిన్న వెంటనే పడుకోవద్దు అన్నారు. రాత్రి భోజనం ముందుకి జరిపాక చాలా తేడా వచ్చింది.

ఆస్తమాకి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవాళ్ళు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేదంటే గొంతులో ఫంగస్ పట్టిద్ది. గుట్కా, చుట్ట, సిగరెట్ అలవాటున్నవాళ్ళకి ఒకవైపే నొప్పి మూడు వారాలు దాటినా, అది చెవిలోకి లాగుతున్నా వెంటనే చూపించుకోవాలి. ఉమ్ము కూడా మింగలేక కారిపోతున్నా, నోరు తెరుచుకోకపోయినా, ఊపిరి తీస్తే శబ్దం వస్తున్నా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికే.

ఇంకొకటి చాలామందికి తెలీదు. థైరాయిడ్ ఎక్కువైనవాళ్ళకి ఇచ్చే కార్బిమజోల్ అరుదుగా తెల్లరక్తకణాల్ని బాగా పడేసిద్ది, దానికి మొదటి గుర్తు చాలాసార్లు జ్వరంతో గొంతు నొప్పే. ఇంట్లో ఎవరన్నా ఆ బిళ్ళ వాడుతుంటే, అలా వచ్చిన రోజు బిళ్ళ ఆపి అదే రోజు డాక్టర్ దగ్గరికెళ్ళి రక్తపరీక్ష చేయించమని చెప్పి ఉంచండి.