చెర్రీ చెక్క మీద చంద్రమతి

మా పెదనాన్నది తెనాలి. వయసులో ఉండగా హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషం కట్టేవారు. ఆ వేషంలో దిగిన ఫోటో ఎప్పటినుంచో నా దగ్గరుంది. టోక్యోలో చెక్క అచ్చులతో కాగితం మీద బొమ్మలు వేయడం నేర్పే క్లాసులో చేరాక, ఎవరి ముఖం చెక్కాలా అని వెతుక్కునే పని లేకపోయింది.

దానికి కారణం షరాకు. 1794లో 28 బొమ్మలతో ఒక్కసారిగా ఊడిపడి, పది నెలలకే జాడ లేకుండా పోయిన చిత్రకారుడు. జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకిలోనూ ఆడవేషాలు మగవాళ్లవే. ఆ నటుల్ని అందగత్తెలుగా దిద్దకుండా, కొప్పు కింద మగ దవడని ఉన్నదున్నట్టు చూపించాడు షరాకు. రెండో సెగవా తోమిసాబురో అనే నటుడి బొమ్మ చూడండి, వేషమూ కనిపిస్తుంది, మనిషీ కనిపిస్తాడు. పెదనాన్న ఫోటోలోనూ అంతే. పాపిటబిళ్ల ఎంత మెరిసినా ఆ దవడ దాగదు.

ఈ పద్ధతిలో ముఖానికి నీడలు వేయరు. చర్మమంటే ఉత్త కాగితమే. ఫోటోలో నీడలు తీసేస్తే పోలిక కూడా వాటితోపాటే పోతుంది. ఏ గీత ఉంచాలి, ఏది వదిలేయాలి అని తేల్చుకోవడానికే చెక్కడం కన్నా ఎక్కువ కాలం పట్టింది. బుగ్గల ముడతలు తీసేశాను. కింది పెదవి పక్కనున్న చిన్న వంపు మాత్రం ఉంచాను, ఆయన మొండితనమంతా అక్కడే ఉంది.

గీసిన పల్చటి కాగితాన్ని చెక్క మీద బోర్లా అతికించి, వెనక పొరలు వేలితో రుద్ది తీసేస్తే గీతలు పైకి తేలతాయి. గీతల బ్లాకుకి చెర్రీ చెక్క, రంగుల బ్లాకులకి షీనా అనే మెత్తటి చెక్క ప్లైవుడ్ వాడాను. ప్రతి గీతకీ రెండు పక్కలా కత్తితో గాటు పెట్టి చుట్టూ చెక్క తీసేయాలి. అన్నిటికన్నా కష్టం నుదుటి దగ్గరి వెంట్రుకలు. ఒక్కో వెంట్రుక కొసకొచ్చేసరికి సన్నబడి మాయం కావాలి. జపాన్‌లో ఎడో కాలంలో (1603–1868) ముఖం, జుట్టు చేయి తిరిగిన పనివాళ్లు చెక్కి, బట్టలు శిష్యులకి వదిలేవారట. నేనూ ఆ చీర అంచు ఎవరికైనా అప్పగిద్దామనుకున్నాను గానీ, మనకి శిష్యులెక్కడ!

పెడనలో కలంకారీ అచ్చుని గుడ్డ మీద అద్దుతారు. ఇక్కడ బ్లాకు వెల్లకిలా ఉంటుంది. రంగు, కాస్త బియ్యప్పిండి జిగురు బ్రష్‌తో పూసి, కాగితం పరిచి, వెదురు పొర చుట్టిన బరెన్ అనే గుండ్రటి బిళ్లతో వెనకనుంచి రుద్దాలి. బ్లాకు మూలన, అంచున చెక్కిన కెంతో గుర్తుల్లో కాగితాన్ని ఆనిస్తే రంగులన్నీ ఒకదాని మీదొకటి సరిగ్గా కూర్చుంటాయి. కాగితం ముందు రోజే తడిపి ఉంచాలి. మధ్యలో ఆరితే కుంచించుకుపోయి పెదవి రంగు పెదవి దాటి పడుతుంది. అందుకే చలికాలంలో హీటర్ కట్టేసి, స్వెటర్ వేసుకుని అచ్చు వేశాను.

షరాకు మొదటి బొమ్మల్లోలాగే వెనక ముదురు రంగు మీద అభ్రకం పొడి అద్దాను. వెలుతురుకి అటూ ఇటూ తిప్పితే తళుక్కుమంటుంది, స్టేజీ లైటుకి ఇంతకన్నా ఏం కావాలి.

ఒక కాపీ తెనాలికి పంపాను. పెదనాన్న ఫోన్ చేసి, "దవడ కాస్త తగ్గించొచ్చు కదరా" అన్నారు. తగ్గించనన్నాను. సరే, నాటక సమాజానికి ఇంకో రెండు పంపమన్నారు.