చేసిపెడతాడు, పెట్టించుకోడు

"ఇంక తేవద్దమ్మా. నేనొక్కణ్ణే ఉండేది, ఇదంతా తినలేను. చివరికి పారేయాల్సి వస్తుంది."

పక్కింటి పెద్దాయన తలుపు సగం తీసి పట్టుకుని అన్న మాట ఇది. ఆయన గొంతులో కోపమేం లేదు. నా చేతిలో స్టీలు డబ్బా ఉంది, అందులో అమ్మ చేసిన అరిసెలు, పైన నాలుగు పప్పుచెక్కలు. అంతకుముందు పంపిన డబ్బాని కడిగి, తుడిచి, మూత బిగించి నా చేతికిచ్చాడు. ఖాళీగా.

ఇంటికొచ్చి అమ్మకేం చెప్పాలో తోచక "ఆయనకి షుగరంట" అన్నాను. అమ్మ నమ్మింది. మా కందుకూరు వైపు షుగరు లేకుండా డెబ్బై దాటినవాళ్ళు ఎంతమంది ఉన్నారు కనక! కానీ ఖాళీ డబ్బా దగ్గర ఆగిపోయింది. "షుగరుంటే ఉండనీ. డబ్బాలో గుప్పెడు పంచదారన్నా, ఒక నిమ్మకాయన్నా వేసి ఇయ్యరా ఎవరన్నా? ఉత్త డబ్బా చేతికిస్తారా?"

ఇది జరిగి చాన్నాళ్ళయినా నాకు మింగుడుపడలేదు. అందుకే రాస్తున్నాను.

మేముండేది మిషిగన్ రాష్ట్రం పైకొసన, సుపీరియర్ సరస్సులోకి పొడుచుకొచ్చిన కీవినా ద్వీపకల్పంలో, హాన్‌కాక్ అనే చిన్న ఊళ్లో. నీళ్ళకి ఇవతల హాన్‌కాక్, అవతల హౌటన్, మధ్యలో ఎత్తి దించే వంతెన. డెట్రాయిట్ ఇదే రాష్ట్రం అయినా కారులో తొమ్మిది పది గంటలు. కరివేపాకు కావాలంటే ఎవరైనా పెద్ద ఊరెళ్ళేటప్పుడు బతిమాలుకోవాల్సిందే. కెనడా వైపు నుంచి వచ్చే చలిగాలి ఇంకా గడ్డకట్టని సరస్సు మీదుగా వస్తూ తేమ పీల్చుకుంటుంది, ఒడ్డు తగలగానే అంతా మంచుగా కుమ్మరిస్తుంది. కార్తీకంలో మనకి బంగాళాఖాతం చేసే పనే ఇది, అక్కడ వాన, ఇక్కడ మంచు, అంతే తేడా. మామూలు ఏడాదిలోనే 200 అంగుళాల దాకా పడుతుంది. 1978-79 చలికాలంలో 390.4 అంగుళాలు పడిందట. ఆ ఎత్తు తెలియడానికి రోడ్డు పక్కన ఇంటిని మించిన కొలబద్ద బోర్డు నిలబెట్టారు. దాని ముందు నిలబడి ఫొటో తీసుకోమంటే "ఇదేమన్నా గొప్పనా చెప్పుకోడానికి!" అంది అమ్మ.

నేను ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తాను. పొద్దున ఆరున్నరకి డ్యూటీ. రాత్రి డ్యూటీ చేసిన మనిషి, నేను వెళ్ళి మిషన్ల ముందు నిలబడితే గానీ ఇంటికి కదలకూడదు. బడికి స్నో డే అని సెలవిస్తారు, మా ఆయన పనిచేసే యూనివర్సిటీ కూడా ఎప్పుడన్నా మూస్తారు, రక్తపరీక్షలకి మాత్రం సెలవుండదు. జనవరి మొదట్లో ఇక్కడ ఎనిమిదిన్నర దాటితే గానీ తెల్లారదు. అంటే నేను బయల్దేరేది కటిక చీకట్లో, రాత్రంతా పడిన మోకాలెత్తు మంచులోంచి. అది చాలదన్నట్టు మున్సిపాలిటీ బండి రోడ్డు తోసుకుంటూ పోతూ ప్రతి ఇంటి ముందూ ఒక గట్టు వేసి పోతుంది. అది దూదిలాంటి మంచు కాదు, చక్రాల కింద నలిగి గడ్డలు కట్టి పారకి లొంగని సరుకు. పాత ఇంట్లో ఉన్నప్పుడు నేనూ మా ఆయనా నాలుగింటికే లేచి తవ్వుకునేవాళ్ళం.

ఈ ఇంటికి మారాక, మొదటి పెద్ద మంచు పడిన రాత్రి అలారం పెట్టుకుని లేచి చూస్తే వాకిలి శుభ్రంగా ఉంది. గట్టు లేదు. పోస్టు డబ్బా చుట్టూ కూడా, పోస్టు బండి ఆగడానికి వీలుగా అరచందమామ ఆకారంలో తీసి ఉంది. అంచులు తాపీ మేస్త్రీ గోడ చెక్కినంత నున్నగా ఉన్నాయి. మంచు తోడి పక్కకి విసిరే మిషను చక్రాల గుర్తులు మా వాకిట్లోంచి పక్కింటి షెడ్డు దాకా వెళ్ళాయి. థాంక్స్ చెబితే "ఎట్లాగూ మిషను బయటికి తీశాను కదా" అన్నాడు. డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. గిఫ్టు కార్డు తలుపు సందులో పెట్టొస్తే మర్నాడు అది మా పోస్టు డబ్బాలో ఉంది. ఆ తర్వాత మంచు పడ్డ ప్రతి రాత్రీ ఐదు కాకముందే ఆ మిషను లైటు మా పడకగది గోడ మీద అటూ ఇటూ తిరిగేది.

అక్టోబరులో అమ్మ వచ్చింది. నేను చేతగాక వదిలేసిన బాకీని తను తీర్చడం మొదలుపెట్టింది. పులిహోర, గారెలు, సగ్గుబియ్యం పాయసం. సంక్రాంతికి అరిసెలు. ఇక్కడ దొరికే బియ్యప్పిండితో అరిసెలు రావు, అందుకని బియ్యం నానబెట్టి, నీళ్ళు వాడ్చి, మిక్సీలో కొంచెం కొంచెంగా పట్టి, జల్లించి, బెల్లం పాకం పట్టి చేసింది. అదే వారం ఊళ్లో ఫిన్లాండు మూలాలవాళ్ళ నడిచలి పండగ హెయికిన్‌పైవా. ఆ రోజుతో చలికాలం సగం గడిచిందని, గుహలో నిద్రపోతున్న ఎలుగుబంటి ఆ రోజే రెండో పక్కకి ఒత్తిగిలుతుందని పెద్దాయనే మావాడికి చెప్పాడు. అమ్మ అది విని "ఉత్తరాయణమేగా. వీళ్ళ సంక్రాంతన్నమాట" అని తేల్చేసి, అరిసెలు పంపడానికి ఇంతకంటే మంచి ముహూర్తం లేదంది. దానికి దొరికిన జవాబే పైన రాసింది.

మా ఊళ్లో ఎవరి గిన్నె ఎవరింట్లో ఉందో ఎవరికీ తెలీదు. స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించుకునేది అందుకే. పిన్ని పులుసు పంపిన గిన్నె మనింట్లో నెల్లాళ్ళుంటుంది, ఎందుకంటే తిరిగిచ్చేటప్పుడు అందులో వెయ్యడానికి ఏదో ఒకటి ఉండాలి. ఏమీ లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలైనా వేస్తాం. ఇక మొహం మీద వద్దనడమా? సంక్రాంతికి మాకు ఊరందరి ఇళ్ళలోంచీ అరిసెలొచ్చేవి. అన్నీ తినేవాళ్ళమా? కొన్ని పనిమనిషి ఇంటికి, గట్టిబడ్డవి గేదె కుడితిలోకి. అయినా ఇచ్చినామె ఎదురుపడితే "అత్తా, మీ అరిసెలే అరిసెలు" అనేవాళ్ళం. ఆవిడకీ తెలుసు మేం తినలేదని. మావి ఆవిడా తినలేదు కదా.

అంటే పెద్దాయన నిజం చెప్పాడు, మేం అబద్ధం చెప్పుకుంటాం. ల్యాబులో నాతో పనిచేసే ఆమె కూడా ఇదే అంది. ఆమె ఇక్కడే పుట్టి పెరిగింది, రాగి గనుల కోసం ఫిన్లాండు నుంచి వచ్చినవాళ్ళ మునిమనవరాలు. "ఆయన నిన్ను సొంతమనిషి అనుకున్నాడు కాబట్టే పారేయాల్సి వస్తుందని చెప్పాడు. లేకపోతే థాంక్యూ చెప్పి, తీసుకుని, నిజంగానే పారేసేవాడు" అంది. మంచు తీసిపెట్టడాన్ని అసలు సాయంగా లెక్కెయ్యరట. "వచ్చే ఏడు ఆయన కాలు విరిగితే నువ్వు తీస్తావు, అంతే కదా" అంది. బాగానే ఉంది. ఆయన కాలు విరిగేదాకా నేను బాకీ పడి ఉండాలన్నమాట.

నాకు మంట అక్కడే. చేసిపెడతాడు, పెట్టించుకోడు. ఇందులో మర్యాదుంది, నేను కాదనను. కానీ ఇచ్చే చెయ్యి ఎప్పుడూ తనదే పైన ఉండాలనుకోవడం కూడా ఒకరకం పెత్తనమే. తీసుకోవాలంటే కాస్త తగ్గాలి. పొద్దున్నే ఆ లైటు గోడ మీద తిరిగినప్పుడల్లా నేను పరుపు మీద పడుకునే తగ్గుతున్నాను, ఆయనకి ఆ అవసరం ఒక్కసారీ రాలేదు.

మాకు రెండు పొగాకు బ్యారన్లు, అంటే పచ్చాకుని వేడితో ఆరబెట్టే గదులు, ఉండేవి. జనవరి నుంచి ఎండలు ముదిరేదాకా క్యూరింగే. బ్యారన్ ఎక్కిస్తే వారం పాటు రాత్రీ పగలూ మంట ఆరకూడదు. వేడి మెల్లమెల్లగా పెంచాలి, తగ్గినా చెడుతుంది, ఎగిరినా చెడుతుంది. నాన్న పొయ్యి ముందు నులకమంచం వేసుకుని, థర్మామీటరు చూసుకుంటూ కునికేవాడు. ఎప్పుడైనా ఒళ్ళు తెలీకుండా నిద్రపోతే పక్క బ్యారన్ బాబాయి వచ్చి, లేపకుండా, మొద్దులు ఎగదోసి పోయేవాడు. అచ్చం ఈ పెద్దాయన లాగానే, చీకట్లో, అడక్కుండా. కానీ తెల్లారాక ఆ బాబాయి మా వసారాలో కూర్చుని టీ తాగేవాడు. "ఒదినా, చక్కెర చాల్లేదు" అని ఇంకో చెంచా అడిగి మరీ వేయించుకునేవాడు. ఆ చెంచాడు చక్కెరతో మా నాన్న మళ్ళీ మనిషిలా తలెత్తుకు తిరిగేవాడని ఇప్పుడర్థమవుతోంది. ఆ ఏడు మంచి రేటొచ్చి నాలుగు డబ్బులు మిగిలితే అందులో బాబాయి రాత్రులు కూడా ఉన్నాయి, అది ఇద్దరికీ తెలుసు, ఎవరూ పైకనలేదు.

అమ్మ దగ్గర ఈ కథ ఎత్తితే నవ్వింది. "ఆ టీలు ఊరికే పోయలేదులే. వాళ్ళ పిల్ల పెళ్ళికి మనం ఐదొందలు చదివిస్తే, మనింట్లో పెళ్ళికి వెయ్యి నూటపదహార్లు చదివించి, మైకులో రెండుసార్లు చెప్పించాడు మీ బాబాయి." చదివింపుల పుస్తకాలు అమ్మ బీరువాలో బట్టల కింద ఇప్పటికీ ఉన్నాయి. అమ్మ అరిసెల డబ్బా వెనకా అలాంటి పుస్తకమే ఉందేమో, పెద్దాయన అందులో తన పేరెక్కనివ్వలేదేమో అని ఒక క్షణం అనిపించింది. అమ్మతో అనలేదు.

జనవరి ఆఖర్లో రెండు రోజులు ఆగకుండా గాలీ మంచూ. పొద్దున్నే తలుపు కొట్టి "మీ గొట్టంలోంచి ఆవిరి రావట్లేదు" అన్నాడు పెద్దాయన. ఇల్లు వెచ్చబరిచే ఫర్నేసు గొట్టాలు పక్కగోడలోంచి బయటికొస్తాయి. గాలికి మంచు ఎగిరొచ్చి వాటిని కప్పేస్తే ఫర్నేసు తనంతట తనే ఆగిపోతుంది. అది ఆగిన సంగతి లోపలున్న మాకింకా తెలీదు, బయటున్న ఆయన చూశాడు. గొట్టాల చుట్టూ చేతుల్తోనే తోడి, అంతా సరిగ్గా వెలిగిందో లేదో చూడ్డానికి మొదటిసారి మా ఇంట్లోకొచ్చాడు. బూట్లు గుమ్మం దగ్గరే విప్పాడు, అమ్మకి అది నచ్చింది.

వంటింట్లో గట్టు రాయి చూసి ఆయన నిలబడిపోయాడు. నల్లరాయి, లోపల బంగారపు నలుసుల మెరుపు. అమ్మ ఈ దేశంలో దిగిన రోజే దాని మీద అరచెయ్యి పెట్టి "ఇది చీమకుర్తి రాయే!" అని గుర్తుపట్టింది. ఒంగోలు పక్కన మా వాళ్ళ ఊళ్ళ దగ్గర తవ్విందని చెబితే పెద్దాయన కళ్ళద్దాలు తీసి ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు. అందరూ గ్రానైట్ అంటారు గానీ ఇది గాబ్రో జాతి అన్నాడు, ఆ మెరుపులు బ్రాంజైట్ అన్నాడు. వాళ్ళ తాత, 1945లో మూతబడ్డ క్విన్సీ రాగి గనిలో పనిచేశాడట. దిమ్మెలు ఎలా కోస్తారు, క్వారీ ఎంత లోతు, కూలెంత, అన్నీ అడిగాడు. అమ్మ తెలుగులోనే జవాబులు చెప్పేది, నేను నడుమ మాట అందించాను. కాఫీ ఇస్తానంటే సరేనన్నాడు! పాలూ పంచదారా వద్దన్నాడు. "పాలు లేకండానా? మనింట్లో పాలకి గతిలేదనుకుంటాడు" అని అమ్మ గొణిగినా నల్లకాఫీ రెండు కప్పులు తాగాడు. మర్నాడు మావాడి చేతిలో పిడికెడంత ముడి రాగి గడ్డ పెట్టాడు, ఈ నేలలోదే. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నిట్టూర్చింది. "మళ్ళా ఇచ్చాడూ!"

ఇలాగైతే లాభం లేదని మా ఆయన ఫిబ్రవరిలో సొంత మిషను కొన్నాడు. ఏది కొనాలో పెద్దాయన్నే అడిగితే తను వాడే కంపెనీదే చెప్పాడు. ఈ మిషన్లలో ముందు తిరిగే మరకి షియర్ పిన్నులని చిన్న బోల్టులుంటాయి. మంచులో గడ్డో రాయో తగిలితే లోపలి గేర్లు పోకుండా అవి ముందుగా విరిగిపోతాయి. ఒక శనివారం తెల్లవారే ఆయన వాకిట్లో మిషను ఆగింది. కాసేపటికి మా తలుపు దగ్గరికొచ్చి, కొంచెం ఇబ్బందిగానే, పిన్నులున్నాయా అని అడిగాడు. మా ఆయన పొట్లం తెచ్చి రెండు ఇచ్చాడు. సోమవారం షాపు తెరవగానే కొనుక్కొచ్చి, సరిగ్గా రెండు, నట్లతో సహా కాగితం సంచిలో పెట్టి ఇచ్చేసి పోయాడు.

అమ్మ సంచిలోకి తొంగి చూసింది. "రెండు తీసుకుని రెండేనా?"

మా పొట్లంలోంచి ఇంకొక పిన్ను ఏరి మావాడి చేతిలో పెట్టింది. "పోయి ఆ తాతకిచ్చిరా. మళ్ళా విరిగితే పనికొస్తదని చెప్పు."

వాడు జోళ్ళు తొడుక్కుని, జిప్పు కూడా పెట్టుకోకుండా పరిగెత్తి, వెంటనే తిరిగొచ్చాడు.

"తీసుకున్నాడా?"

"తీసుకున్నాడు."

"ఏమన్నాడు?"

"దీని నట్టేదీ అని అడిగాడు."