సైకిల్ స్టాండు బిల్లు

మంగళవారం, రాత్రి

పొద్దున ఆఫీసుకి వెళ్ళేసరికి టేబుల్ మీద మొదటి కాగితం సైకిల్ స్టాండు రిపేరు బిల్లు. మొన్నటి గాలివానకి రెండు రేకులు లేచిపోతే కొత్తవి వేయించారు. మామూలుగా అయితే లెక్క సరిచూసి సంతకం పెట్టేసేదాన్ని. ఇవాళ చెయ్యి ఆగింది. వారం రోజులుగా రాత్రిళ్ళు వీధి నాటకాలు రాసి ఆడిన సఫ్దర్ హష్మీ గురించే చదువుతున్నాను మరి.

ఆయన 1978లో రాకేశ్ సక్సేనాతో కలిసి రాసిన 'మషీన్' అనే వీధి నాటకానికి మూలం ఒక సైకిల్ స్టాండే. ఢిల్లీ పక్కన ఘాజియాబాద్‌లో ఒక కెమికల్ ఫ్యాక్టరీ. కార్మికులు అడిగినవి సైకిళ్ళు పెట్టుకోవడానికి కాస్త జాగా, టీ తాగడానికి ఒక క్యాంటీన్. యాజమాన్యం ఒప్పుకోలేదు. సమ్మెకి దిగితే గార్డులు కాల్చారు. ఆరుగురు చచ్చిపోయారు. సైకిల్ స్టాండు అడిగినందుకు! ఈ మాట ఎన్నిసార్లు చదివినా నాకు మింగుడుపడదు.

నాటకం పదమూడు నిమిషాలే. స్టేజీ లేదు, సెట్టు లేదు. నటులే ఒకరి పక్కన ఒకరు నిలబడి, చేతులు ఆడిస్తూ నోటితో చప్పుడు చేస్తూ మిషన్ అయిపోతారు. తిరుగుతూ తిరుగుతూ ఉన్న ఆ మిషన్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. అది చదివినప్పుడు మా షెడ్డులో కరెంటు పోగానే చెవుల్లో గుయ్‌మనే నిశ్శబ్దం గుర్తొచ్చింది.

1973లో వాళ్ళ నాటక బృందం జన నాట్య మంచ్ మొదలైన కొత్తల్లో పెద్ద నాటకాలే వేసేవారు. ఎమర్జెన్సీ తర్వాత వాటిని పెట్టించే డబ్బు యూనియన్ల దగ్గర లేదు. అప్పుడు నాటకాన్నే చిన్నది చేశారు, లంచ్ టైంలో చూసి మళ్ళీ పనిలోకి వెళ్ళేంతగా. నాకు వాళ్ళ మీద గౌరవం కలిగింది ఇక్కడే. సెయింట్ స్టీఫెన్స్‌లో ఇంగ్లీషు సాహిత్యం చదివి, యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పిన సఫ్దర్, గవర్నమెంటు ఉద్యోగం కూడా వదులుకుని ఈ పనిలోకే వచ్చేశాడు. పిల్లల కోసం కవితలూ రాశాడు.

1989 జనవరి 1న సాహిబాబాద్ దగ్గర ఝండాపూర్‌లో 'హల్లా బోల్' అనే వీధి నాటకం ఆడుతుంటే బృందం మీద దాడి చేశారు. రామ్ బహదూర్ అనే కార్మికుడు చనిపోయాడు. సఫ్దర్ మర్నాడు ఆస్పత్రిలో పోయాడు. 34 ఏళ్ళు. కోర్టులో శిక్ష పడేసరికి 2003 వచ్చింది.

జనవరి 4న ఆయన భార్య మలయశ్రీ బృందంతో కలిసి అక్కడికే వెళ్ళి, ఆగిపోయిన నాటకాన్ని పూర్తిగా ఆడారు. భర్త పోయి రెండు రోజులు. మా నాన్న పోయినప్పుడు నేను రెండు వారాలు గుమ్మం దాటలేదు. అదే చోట, అదే జనం ముందు నిలబడి మొదటి డైలాగు చెప్పడానికి గొంతు ఎలా పెగిలిందో.

మధ్యాహ్నం టీ టైంలో స్టాండు దాకా నడిచాను. పాత రేకుల మధ్య కొత్తవి రెండూ ఎండకి మెరుస్తున్నాయి. వాటి కింద సైకిళ్ళు హ్యాండిల్‌కి హ్యాండిల్ తగిలేంత దగ్గరగా ఉన్నాయి. ఒకదానికి టిఫిన్ బాక్సు వేలాడుతోంది. సెకండ్ షిఫ్టు కుర్రాడొకడు గొలుసు తాళం వేస్తూ, "ఏం కావాలి మేడమ్?" అన్నాడు. ఏమీ లేదన్నాను.

పైకొచ్చి బిల్లు మీద సంతకం పెట్టాను.