గదికి చేతులుండవు: క్లమ్సీ అనే మాట గురించి

"రూమంతా క్లమ్సీగా ఉంది." "జుట్టు క్లమ్సీగా తయారైంది." "శుభలేఖ మీద ఇన్ని పూలెందుకు, క్లమ్సీగా కనిపిస్తుంది." మన ఇళ్ళలో, ఆఫీసుల్లో రోజూ వినబడే మాటలే. మూడింట్లోనూ చెప్పదలుచుకున్నది చిందరవందర గురించి, కిక్కిరిసిపోవడం గురించి. దానికి ఇంగ్లీషులో వేరే మాటలున్నాయి. సర్దని గదీ, దువ్వని జుట్టూ మెస్సీ. సామాను ఎక్కువై అడుగుపెట్టే చోటు లేని గది క్లట్టర్డ్. పూలు ఎక్కువైన కార్డు కూడా క్లట్టర్డే, లేకపోతే బిజీ. క్లట్టర్‌తో మొదలూ మెస్సీతో చివరా కలవడంతో క్లమ్సీ ఆ రెండింటి మధ్యా ఇరుక్కుపోయింది కాబోలు.

తెలుగులో మాట్లాడుకుంటున్నంతసేపు ఇబ్బందేం లేదు, అందరికీ అర్థమవుతుంది. ఆఫీసు మెయిల్లో "మై డెస్క్ ఈజ్ క్లమ్సీ" అని రాసినప్పుడే అవతల చదివేవాడు ఆగిపోతాడు. బల్ల దేన్ని జారవిడిచింది?

క్లమ్సీ అంటే అసలు చేతి సంగతి. మధ్యయుగపు ఇంగ్లీషులో క్లమ్సెన్ అని ఒక క్రియ ఉండేది. చలికి కొంకర్లు పోవడం, మొద్దుబారడం అని దాని అర్థం. 16వ శతాబ్దం చివర్లో క్లమ్సీ అందులోంచే వచ్చింది. పుష్యమాసంలో తెల్లారకముందే చన్నీళ్ళతో అంట్లు తోమి లేచిన చేతికి సూదీ దారం ఇచ్చి చూడండి. దారం మొన సూది బెజ్జానికి అటూ ఇటూ తగులుతుంది గానీ దూరదు. వేళ్ళున్నాయి, కళ్ళున్నాయి, పని తెలుసు, అయినా చెయ్యి మాట వినదు. అదీ క్లమ్సీ. చలి సంగతి తర్వాత జారిపోయింది, మాట వినని చెయ్యి మాత్రం మిగిలింది.

నిఘంటువులు దీనికి మొరటు, వికారమైన లాంటి అర్థాలిస్తాయి. రెండూ అతకవు. మొరటుతనం స్వభావంలోనూ ఉంటుంది, వికారం రూపానిదో కడుపుదో అవుతుంది. చేతకానివాడు అంటే మరీ తిట్టు. తొట్రుపాటు దగ్గరగా వస్తుంది గానీ అది ఆ క్షణానిది. నన్నడిగితే "ఒడుపు లేని" అన్నదే సరైన తెలుగు. ఒడుపు తెలియని చెయ్యి, ఒడుపు లేని నడక.

వాడుకలో పట్టుకోవలసినవి కొన్నే. నీళ్ళు ఒలికించి క్షమించమనేటప్పుడు "దట్ వాజ్ క్లమ్సీ ఆఫ్ మీ" అంటారు, అక్కడ ఆఫ్ తప్పనిసరి. చేతుల విషయమైతే "క్లమ్సీ విత్ హిజ్ హ్యాండ్స్". చేత్తో కాకుండా మాటతో చేసే పనులకూ వాడతారు. క్షమాపణ అడగబోయి పాత గొడవ మళ్ళీ తవ్వితే అది క్లమ్సీ అపాలజీ. చదువుతుంటే కాలికి రాళ్ళు తగిలినట్టుండే అనువాదం క్లమ్సీ ట్రాన్స్‌లేషన్. బరువెక్కువై చేతిలో ఇమడని పనిముట్టునూ క్లమ్సీ అనొచ్చు. వస్తువుల్లో ఈ మాట చెల్లేది ఇలాంటి వాటికే.

ఆక్వర్డ్‌తో కలిపెయ్యకండి. లిఫ్టులో పాత బాసు ఎదురై ఇద్దరికీ మాట దొరక్కపోతే ఆక్వర్డ్. ఆ కంగారులో మీ కాఫీ ఆయన చొక్కా మీద పడితే క్లమ్సీ.

మనిషినే ఒక్క మాటలో అనాలంటే అమెరికాలో క్లట్జ్ అని రాస్తారు, పలకడం మాత్రం క్లట్స్. పిజ్జాను పీట్సా అన్నట్టే. ఇది తూర్పు ఐరోపా యూదుల భాష యిడ్డిష్ నుంచి వచ్చింది. అక్కడ క్లోట్స్ అంటే కొయ్య దుంగ. మనకూ మొద్దు అంటే దుంగే కదా! పైగా క్లమ్సీ పుట్టిన మొద్దుబారడం కూడా మన మొద్దులోంచి వచ్చినట్టే ఉంటుంది. తేడా ఎక్కడంటే, మనం మొద్దు అని బుర్రను తిడతాం, వాళ్ళు క్లట్స్ అని చేతుల్నీ కాళ్ళనీ అంటారు. చనువున్న చోట, ముఖ్యంగా తమను తామే అనుకోవడానికి వాడే మాట ఇది. "ఐయామ్ సచ్ ఎ క్లట్స్" అంటే నవ్వి ఊరుకుంటారు. పరిచయం లేనివాళ్ళను అంటే ఊరుకోరు. విశేషణం క్లట్సీ. అయితే వాక్యాన్నో అనువాదాన్నో క్లట్సీ అనడం అరుదు, అక్కడికి క్లమ్సీయే కావాలి.

పిల్లల దగ్గర మాత్రం ఈ మాటలతో జాగ్రత్త. బొత్తాలు పెట్టుకోవడం, బంతి పట్టుకోవడం, అక్షరాలు దిద్దడం వయసుకు తగ్గట్టు రాని పిల్లలకు వైద్యులు ఒకప్పుడు "క్లమ్సీ చైల్డ్ సిండ్రోమ్" అని పేరు పెట్టారు. ఇప్పుడు దాన్ని డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అంటున్నారు. 5 నుంచి 11 ఏళ్ళ పిల్లల్లో నూటికి 5, 6 మందిలో ఉంటుందని అంచనా. బుద్ధి మాంద్యానికీ దీనికీ సంబంధం లేదు, అలాంటి పిల్లల్ని మొద్దు అనడం తప్పే.

వస్తువులు జారవిడిచేవాళ్ళకు బటర్‌ఫింగర్స్ అని ప్రత్యేకంగా ఒక మాటుంది. వెన్న రాసుకున్న వేళ్ళన్నమాట. ఇది వంటింట్లోంచే వచ్చింది. జెర్వేస్ మార్కమ్ అనే ఇంగ్లీషు రచయిత 1615లో గృహిణుల కోసం రాసిన పుస్తకంలో, వంట చేసేవాళ్ళవి వెన్న వేళ్ళు కాకూడదు, అన్నీ కింద పడేస్తారు అన్నాడు. 1836 నాటికి అది క్రికెట్ మైదానానికి చేరింది. డికెన్స్ నవల పిక్‌విక్ పేపర్స్‌లో క్యాచ్ వదిలినవాడి మీద ఇదే మాట పడుతుంది. చేతిలోది జారితేనే ఈ మాట చెల్లుతుంది. గడప తట్టుకుని పడ్డవాణ్ణి బటర్‌ఫింగర్స్ అనరు. జారవిడిచినవాడు ఒక్కడే అయినా చివర బహువచనం ఉండాల్సిందే. అది తీసేసి బటర్‌ఫింగర్ అంటే 1923లో షికాగోలో పుట్టిన వేరుశనగ చాక్లెట్ అవుతుంది.